అడుగున గిద్దెడు

మందస దాటాక మట్టిదారిలో
జీడిపిక్కలు కొట్టే రేకుల షెడ్డు.
దాలమ్మ ముందు పిక్కల గుట్ట, పక్కన బూడిద చిప్ప.
నా చేతిలో ట్యాబు, సంచిలో పద్దెనిమిది వందల ఇళ్ల జాబితా.

ముందు వేలిముద్ర కావాలంది యంత్రం.
బొటనవేలు పెట్టింది. ఎర్రగీత.
చూపుడువేలు. ఎర్రగీత.
జీడిసొన ఎప్పుడో తినేసిన గీతల్ని
ఎక్కణ్ణించి తెమ్మంటాను?
"నీ పలకకి నాను అగుపడ్డం లేదేటమ్మీ" అని నవ్వింది.

ప్రశ్న ఉన్నదున్నట్టు చదివాను:
మొత్తం మీద మీ జీవితంతో మీరెంత తృప్తిగా ఉన్నారు?
సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పండి.

"పదంటే ఏటి?
కడుపునిండా తిన్నట్టా?
తిని, ఇంకొకలికి పెట్టినట్టా?"

శ్రీకాకుళంలో రెండ్రోజుల శిక్షణ, ఉప్మా, టీ.
ప్రశ్న మార్చకూడదు, విడమర్చకూడదు అన్నారు.
పది అంటే ఏమిటో మాకూ చెప్పలేదు.

"ఉండు, మా ఇంటి కుంచంతో కొలిసి సెప్తాను.
ఆదోరం, తవ్వ తక్కువ కుంచం.
మా ఆయనికి డయాలసిస్ ఉన్న మంగళారం, శుక్రారం
అడుగున గిద్దెడు."

మిషను గురించి కాదట.
మిషను ఆగేసరికి ఆరు, ఆకరి బస్సు అయిదుంపావుకే ఎల్లిపోద్ది.
రాత్రంతా ఆటోస్టాండు బెంచీ మీద
ఆయన వొణుకుతాడు, ఈమె దోమలు తోల్తాది.

ట్యాబుకి గిద్దలు తెలీవు.
తెర మీద పదకొండు గుండ్రాలు,
ఒకటి నొక్కితే తప్ప పక్క పేజీ తెరుచుకోదు.
ఆరు నొక్కాను.
ఎవరి ఆరో అది.

కింద ఒక ఇరుకు గడి, 'ఇతర వివరాలు', నూట ఇరవై అక్షరాలు.
ఎవరూ చదవరని సూపర్వైజరు గురునాథం ముందే చెప్పాడు.
అయినా కొట్టాను:
'మంగళ, శుక్ర అడుగున గిద్దెడు. ఆఖరి బస్సు అయిదుంపావు. మిషను ఆగేది ఆరు.'

మూడు నెలలకి సగటు వచ్చింది.
ఆరు పాయింట్ మూడు.
సగటు మర్యాదస్తుడు,
ఎవరి మొహంలోకీ చూడడు.

కలెక్టరాఫీసు మేడ మీద, ఫ్యాను తిరగని గదిలో,
గణాంకాల కుర్రాడు సవర జమ్మయ్య మాత్రం
'గిద్దెడు' దగ్గర ఆగాడట.
వాళ్లవ్వ చోళ్లు అలాగే కొలిచేదట.
ఇరుకు గడులన్నీ తెరిచి 'బస్సు' అని వెతికాడు.
నాలుగు వందల పదకొండు దొరికాయి,
ఒక్కటీ వేళకి రానివి.

ఫైలు డిపోకి వెళ్లింది, వెనక్కొచ్చింది,
డీజిలు లెక్క అడిగింది, ఎండాకాలమంతా నిద్రపోయింది.
వానలు మొదలయ్యాక ఒక మంగళవారం
ఆరూముప్పావుకి ఆసుపత్రి ముందు ఆగింది బస్సు.
వైపరు లేదు. లైట్లు ఉన్నాయి.

మరుసటేడు అదే షెడ్డు, అదే ప్రశ్న.
యంత్రం ఈసారి కంటిపాప చూసి ఊఁ అంది.
"నాలుగెయ్యి" అంది దాలమ్మ.

నిరుడు ఆరు కదా అన్నాను.
బస్సు కూడా వచ్చింది కదా అన్నాను.
నా గొంతులో కొంచెం అలక కూడా ఉందేమో.

"నిరుడు ఆరు నువ్వేసినావు. నాలుగు నాను సెప్తన్నాను.
బస్సుకేటి, బంగారం. ఇంటికొచ్చి పడుకుంటన్నాం.
ఒళ్లు మంచమ్మీద వాలినాకే గదా
మా నూతినీల్లలో ఏటుందో అడగాలని తోచింది."

పిక్క కొట్టింది. పప్పు చిట్లలేదు.

"నిండిపోనాదన్న కుంచంలో
ఎవులు పోత్తారమ్మీ?"

ఈ ఏడు మా మండలం అంకె కిందికి జారింది.
గురునాథం తల పట్టుకుని, లెక్క తప్పిందా, మీరు తప్పారా అన్నాడు.
నేను నాలుగే నొక్కాను.
ఇరుకు గడిలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తూ పోయాను,
ఏ నుయ్యి, ఎన్నాళ్లుగా, ఆ వీధిలో ఎంతమంది.
నూట ఇరవయ్యో అక్షరం దగ్గర
వాక్యం సగంలో ఆగిపోయింది